మొదటి వరసలో శ్రీ

మా ఆఫీసు ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది. యజమాని భూములున్న ఇంటి మనిషి. కంప్యూటర్ల గురించి ఆయనకు బాగా తెలిసినవి రెండే: ఆన్ చేయడం, దాని ముందు కూర్చున్నవాళ్ల మీద అరవడం. పైన శ్రీ పెట్టకుండా కూరగాయల చీటీ కూడా రాయడు. మేం రాసే ప్రతి ఫైలు పైనా శ్రీ ఉండాలని నేను చేరిన రోజే హుకుం జారీ చేశాడు. ప్రోగ్రాముల్లో కంప్యూటరు పట్టించుకోని మాటలు రాసుకునే వీలుంటుంది. ఆ వీలులోనే శ్రీ పెట్టి మా పని మేం చేసుకుపోయేవాళ్లం.

నా పక్క కుర్చీలో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. పెద్దముడియం నుంచి జమ్మలమడుగులో బస్సు మారి రోజూ వచ్చేది. పులివెందుల కల్యాణ మండపం వాళ్లు మనం చేసిచ్చే వెబ్‌సైటు ఒప్పుకుంటే నీ ఉద్యోగం ఖాయం చేస్తానని యజమాని ఆమెకు మాటిచ్చాడు. పిచ్చిది, ఆ మాట నమ్మి కడపలో వచ్చిన ఇంకో ఉద్యోగానికి రానని చెప్పేసింది.

ఆ సైటుకు ప్రాణం ఆమె రాసిన ముహూర్తాల క్యాలెండరు. తేదీ మీద నొక్కితే రాహుకాలం, వర్జ్యం, లగ్నం, మండపం ఖాళీగా ఉందో లేదో అన్నీ కనిపించేవి. ఇలా సొంతంగా తయారుచేసుకున్న దాన్ని సర్వర్ కంట్రోల్ అంటారు. తయారుచేస్తే సరిపోదు, పేజీకి దాన్ని పరిచయం చేయాలి. పెళ్లి బంతిలో ముక్కూమొహం తెలియనివాడు కూర్చుంటే ఎవరి తరపని అడుగుతారు కదా, సైటును నడిపే సర్వరూ అంతే. పేజీ పైన రిజిస్టర్ అని ఒక వరస రాసి, ఇది ఫలానా పేరుతో వస్తుంది, ఫలానా చోట ఉంది అని చెప్పకపోతే మొత్తం పేజీనే తిప్పికొడుతుంది.

పేజీ పేజీకీ అదే వరస రాయలేక ఆమె ఒక తెలివైన పని చేసింది. సైటు మొత్తానికి ఉండే సెట్టింగుల ఫైలులో ఒక్కసారి రిజిస్టర్ చేసేసింది. ఇక ఏ పేజీలో వాడుకున్నా అడిగేవాడు లేడు. అయితే ఆ ఫైలుకు ఒక పట్టింపు ఉంది. తాను ఏ రకం ఫైలో చెప్పుకునే వరసే మొట్టమొదట ఉండాలి, దాని పైన ఇంకే రాతా ఉండకూడదు. అందుకే ఆ ఒక్కదాంట్లో ఆమె శ్రీ పెట్టలేదు.

పులివెందులకు బయలుదేరే ముందు యజమాని ల్యాప్‌టాప్ తన గదిలోకి తీసుకుపోయి ఒక్కో ఫైలూ తెరిచి చూశాడు. మా పని తనిఖీ చేయడమంటే శ్రీ ఉందో లేదో చూడటమే ఆయన లెక్కలో.

మేం ముగ్గురం పోయేసరికి మండపం సొంతదారైన పెద్దాయన, ఆయన భార్య, కొడుకులు కుర్చీలేసుకుని కూర్చున్నారు. గోడ మీది టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఆమె సైటు తెరిచింది. తెర నిండా ఎర్ర అక్షరాల తప్పుల పేజీ వచ్చింది.

"ఏంది పాపా ఇది? ముహూర్తాలు యాడుండాయి?" అన్నాడు పెద్దాయన.

మా యజమాని నవ్వాడు. "ఏం చెప్పల్లప్పా! శనగచెట్లు పీక్కోవాల్సినదాన్ని తెచ్చి కంప్యూటరు ముందర కూర్చోబెట్టినా."

అందరూ నవ్వారు. ఆమె చెవులు కందిపోయాయి. తప్పు చదివి, సెట్టింగుల ఫైలు తెరిచింది. మొదటి వరసలో శ్రీ ఉంది. టీవీలో అందరికీ కనిపిస్తుండగానే దాన్ని తీసేసింది. సైటు వచ్చింది, క్యాలెండరు వచ్చింది, ముహూర్తాలు వచ్చాయి. ఎవరూ వాటిని చూడలేదు.

"అయ్యో, శ్రీని తుడిపేసిందే!" అంది పెద్దాయన భార్య.

నాకు ఒళ్లు మండింది. "ఆ ఫైల్లో మొదట అది ఉండకూడదమ్మా. పొద్దున సారే పెట్టింటారు. రెండో వరసలో పెడితే ఏ ఇబ్బందీ లేదు" అన్నాను.

"నేనే పెట్టినా. ఆ పాప తీసింది. తప్పు ఎవురిదో మీరే చెప్పండప్పా" అన్నాడు యజమాని. "శ్రీ నెత్తిన ఇంకోటి కూర్చుంటాదా యాడన్నా?"

పెద్దాయన తల ఆడించాడు. "సైటు శానా బాగుండాది. తీసుకుంటాం. ఆ పాప చెయ్యి మాత్రం మా పనిలో వద్దు."

తిరుగు దారిలో తొండూరు దాటాం. ముద్దనూరులో యజమాని కారు ఆపాడు. "ఈడ దిగు పాపా. జమ్మలమడుగు బస్సు వస్తాది. రేపట్నుంచి రావద్దు."

"సార్, మాటిచ్చినారు కదా. సైటు ఒప్పుకున్యారు కదా" అంది ఆమె.

"సైటును ఒప్పుకున్యారు. నిన్ను ఒప్పుకోలేదు."

ఆమె దిగింది. తలుపు కూడా మెల్లగానే వేసింది. ఆయన గొంతు పిసకాలన్నంత కోపం వచ్చింది నాకు. "ఆ పిల్ల చేసిన తప్పేంది సార్?" అన్నాను.

"తప్పేమీ లేదులేమ్మా, తెలివైన పిల్లే" అన్నాడు గేరు మారుస్తూ. "ఆడ ఎవురో ఒకరి పరువు పోవల్ల. నాది పోగొట్టుకుంటానా?"

కారు కాస్త దూరం పోయాక మళ్లీ ఆయనే అన్నాడు: "రేపు ఆఫీసుకు పోతానే శ్రీని నువ్వు చెప్పిన ఆ రెండో వరసలో పెట్టు. సైటు ఆగగూడదు."