హాజరీలో ఎవరి పేరు

కరోనా రెండో ఏడు, మగ్గాలు మళ్ళీ తిరగడం మొదలైన రోజులు. పత్రికలో పని మానేశాక నేను సూరత్‌లోనే, ఆల్థాన్‌లో ఉండిపోయాను. ఏదైనా కాగితం వస్తే చదివించుకోవడానికి తెలుగువాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. చదివిపెట్టడం కంటే, ఆ కాగితం వెనక ఏం జరిగిందో అడిగి తెలుసుకోవడం నాకు ఇష్టం.

ఒక ఉదయం ఒక నేత కార్మికుడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. ఊరి పక్కన సచిన్ అనే చోట ఒక మిల్లులో పదేళ్ళుగా సాంచాలు నడుపుతున్నాడు. మరమగ్గాన్ని వాళ్ళు సాంచా అంటారు. వారం కిందట సాంచా తిప్పే బెల్టులో పడి కుడిచేతి బొటనవేలు నలిగింది. రెండు నెలలు పని చేయొద్దని డాక్టరు రాశాడు. ఆ మిల్లులో ఈఎస్ఐ ఉంది కాబట్టి అన్నాళ్ళూ భత్యం వస్తుంది. అతను అడగవచ్చింది భత్యం గురించి కాదు.

"గీ కాయితం నడిచినన్ని దినాలు నా నౌకరీ ఉంటదా సార్?"

ఉంటుందన్నాను. గాయానికి భత్యం తీసుకుంటున్న మనిషిని ఆ రోజుల్లో పనిలోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. తల ఊపాడు గానీ నమ్మినట్టు లేదు. మరి సాంచాలు ఎవరు చూస్తున్నారని అడిగాను. దెబ్బ తగిలిన మర్నాటి నుంచి బామ్మర్ది వెళ్తున్నాడట. కడోదరాలో అతను పనిచేసే షెడ్డు కరోనాలో మూతపడి మళ్ళీ తెరుచుకోలేదు. మిల్లులో ఎవరు సెలవు పెట్టినా తన బదులు మనిషిని తనే తెచ్చి నిలబెట్టాలి. అతన్ని బద్లీ అంటారు. బద్లీని పెట్టకపోతే తిరిగొచ్చేసరికి ఆ సాంచాలు ఇంకొకరివి.

హాజరీ ఎవరి పేరున పడుతోందన్నాను.

"నా పేరుననే. వాని పేరు రాపిస్తే సాంచాలు వానియైతయి గద సార్."

అదెలా సాధ్యమో నాకు అర్థం కాలేదు. వివరంగా చెప్పాడు. అంటువ్యాధి భయంతో వేలిముద్రల యంత్రానికి ప్లాస్టిక్ సంచి తొడిగారు. గేటు దగ్గర హాజరీ పుస్తకంలో టిక్కు పెడతారు. మొహాలకు ఎలాగూ మాస్కులు. సాంచాల మీద అజమాయిషీ చేసే మాస్టరుకు సంగతి తెలుసు. సాంచాలు ఆగకపోతే ఆయనకు చాలు.

పని కాపాడుకోవడానికి చేసిన పనే పనికి ముప్పు తెచ్చేలా ఉంది. పని చేసినట్టు హాజరీ ఉన్న రోజుకు భత్యం రాదు. భత్యం ఆగితే చట్టం అడ్డూ తొలగిపోతుంది. కాగితాల ప్రకారం నువ్వు ఇంట్లోనూ పడుకున్నావు, సచిన్‌లోనూ నేస్తున్నావు అన్నాను.

అతని భార్య మాస్కులోనే నవ్వింది. "ఒక్కనితోటే యేగలేకపోతున్న సార్. ఇగ ఇద్దరా?"

అతను నవ్వలేదు. మిల్లు దాకా తోడు రమ్మని అడిగాడు.

మర్నాడు వాళ్ళతో పాటు నేనూ మిల్లు గేటు దాకా వెళ్ళాను. హాజరీ పుస్తకం ఇంకా ఆఫీసుకు పోలేదు, జరిగిన రోజులు దిద్దడానికి మాస్టరుకు అభ్యంతరం లేదు. కానీ పేరు మారితే సాంచాలూ మారతాయన్నాడు. ఆ నియమం ఎక్కడ రాసి ఉందని అడిగాను. ఎక్కడా లేదు, అందరికీ తెలుసు అన్నాడు హిందీలో. నేను చెప్పిన చట్టం రాసి ఉంది. ఆ గేటు దగ్గర అదెవరికీ తెలియదు.

బామ్మర్ది పక్కనే నిలబడి ఉన్నాడు. "నీ ఇష్టం బావా. నీ సాంచాలు నేను మింగుతనా ఏంది?"

"మింగవ్. గని ఇడ్సిపెట్టవ్ గూడ," అన్నాడు బావ.

కాసేపు లోపలి చప్పుడు వింటూ నిలబడ్డాడు. తర్వాత మాస్టరు వైపు తిరిగి, బామ్మర్ది పేరే రాయమన్నాడు.

రెండు నెలల తర్వాత డాక్టరు ఇచ్చిన కాగితంతో పనిలోకి వెళ్ళాడు. వేలిముద్రల యంత్రం మీద సంచి తీసేశారు. మచ్చపడ్డ బొటనవేలిని అది గుర్తుపట్టలేదట. మాస్టరు ఎడమచేతి వేలు పెట్టించుకుని లోపలికి పంపాడు. పని దక్కింది. పాత సాంచాలు మాత్రం బామ్మర్ది దగ్గరే ఉన్నాయి. ఇతనికి చివరి వరసలో వేరేవి ఇచ్చారు.

అవెలా ఉన్నాయని అడిగాను.

"ఇంక మాట వింటలెవ్ సార్."

పాతవాటిలో ఒకటి మొండికేసినప్పుడల్లా బామ్మర్ది కేకేస్తాడట. వెళ్తావా అన్నాను.

"పోత సార్. దాని కథ వానికేమెరుక?"