అజీజ్ భాయ్ కూర ఇంకా కాలేదు

కూర ఉడికేదాకా మూత తియ్యని మనిషి అజీజ్ భాయ్. వాన వచ్చినా తియ్యడు, ఆకలేసినా తియ్యడు, షెడ్డులోంచి గెంటేసినా తియ్యడు. చివరిది నేను మాటవరసకు అనలేదు. నిజంగానే గెంటేశారు.

గగన్‌పహాడ్‌లో హైవే పక్కన ఒక ట్రావెల్స్ వాళ్ల అడ్డా ఉంది. ఎయిర్‌పోర్టు గిరాకీల కోసం డ్రైవర్లు అక్కడ వరుసలో కాచుకుని ఉంటారు. వాళ్లకున్నది ఒక రేకుల షెడ్డు, ఒక ఫ్యాను, ఒక ప్లగ్గు. తిండికని బయటికి పోతే వరుస పోతుంది. అందుకని అజీజ్ భాయ్ ఆ ప్లగ్గుకు తన కరెంటు కుక్కర్ తగిలించి పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండుకునేవాడు. ఒకరోజు గోడ మీద కాగితం వెలిసింది: 'షెడ్డులో పెద్దకూర వండరాదు, తినరాదు.' అతికించింది అడ్డా మేనేజరు హరిప్రసాద్. వాసన వస్తోందని ఫిర్యాదు చేసింది డ్రైవర్లందరిలోకీ పెద్దవాడైన జంగయ్య. హరిప్రసాద్ ఇంటి నుంచి తెచ్చుకునే కొరమీను పులుసు వాసన బాలాపూర్ దాకా పోతుంది. దానికి మాత్రం ఏ కాగితమూ లేదు.

డ్రైవర్ల సంఘం పనుల మీద నేను తరచూ ఆ అడ్డాకు పోతుంటాను. ఆ రోజూ అక్కడే ఉన్నాను. "మనిషి ఏం తినాలో గోడలు చెప్తాయా?" అని లేచాను. అజీజ్ భాయ్ నన్ను కూర్చోబెట్టాడు.

"లడాయి వద్దక్కా. గుంజులాటల కుక్కర్ మూత జరుగుతది."

అని, కుక్కర్‌ను తువ్వాలలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, తన కారు డిక్కీలోకి కాపురం మార్చాడు.

ఆ కుక్కర్ గురించి కొంచెం చెప్పాలి. అది విజిల్ వెయ్యదు. సన్నటి సెగ మీద పొద్దంతా ఉడికిస్తుంది. ఎయిర్‌పోర్టులో సామాను బరువెక్కువైన ఒకావిడ దాన్ని పెట్టెలోంచి పీకి, తనను దింపడానికి వచ్చిన అజీజ్ భాయ్ చేతిలో పెట్టి విమానం ఎక్కేసిందట. జలుబుకు ఆవిరి పట్టుకునే యంత్రమనుకుని, ఆయన మొదటిరోజు దుప్పటి కప్పుకుని సాయంత్రం దాకా దాని మీద వంగి కూర్చున్నాడు. జలుబు పోలేదు, నడుము పట్టేసింది.

ఆయన భార్య సురయ్యాకు ఆ యంత్రమంటే నమ్మకం లేదు. "పొద్దుగాల పెడితే పొద్దుమూకినంక అయ్యేదాన్ని కూర అనరు. కోర్టు కేసు అంటరు," అంటుంది.

అజీజ్ భాయ్ లెక్క వేరు. "లేత ముక్క ఎవ్వడైనా వండుతడక్కా. గిది పిక్క ముక్క. అన్ని నరాలే. దుకాణంల ఎవ్వడు అడగడు, గందుకే అగ్గువ. సన్నసెగ మీద పెడితే నరం గూడ వెన్న లెక్క కరుగుతది." అడుగున ఆలుగడ్డ, శల్గం దుంప, క్యారెట్. వాటి మీద ఉల్లిగడ్డ. ఆపైన గోష్. అల్లం, ఎల్లిగడ్డ, ధనియాల పొడి, ఉప్పు, గ్లాసెడు నీళ్లు. కూరగాయలు బోలెడు, మాంసం పిడికెడు. అయినా గోష్ కూరే తిన్నట్టుంటుంది. శంషాబాద్ మార్కెట్లో సాయంత్రం మిగిలిన కూరగాయలన్నీ ఆయనవే. మధ్యలో మూత తీస్తే మాత్రం వేడంతా పోయి కథ మళ్లీ మొదటికొస్తుందట. అందుకే ఎవరు ముట్టుకోబోయినా ఒకటే కేక: "హాత్ నక్కో లగావ్! ఇంకా కాలే!"

ఇక డిక్కీయే వంటిల్లు అయింది. బండి బ్యాటరీకి ఒక చిన్న ఇన్వర్టర్ డబ్బా తగిలించి, కుక్కర్ కదలకుండా స్టెప్నీ టైరు మధ్యలో కూర్చోబెట్టాడు.

"డిక్కీ తెరవండి, సూట్‌కేసు పెట్టాలి," అంటాడు ప్రయాణికుడు.

"డిక్కీ బిజీగున్నది సార్. సూట్‌కేసు ముందట సీట్ల కూసుంటది."

"ఏముందండీ డిక్కీలో?"

"ఉడుకుతున్నది సార్."

ఆ తర్వాత మైలార్‌దేవ్‌పల్లి దాటేదాకా ప్రయాణికుడు నోరు తెరవడు. తెరిచినా, ఇల్లు చేరడానికి ఇంకా ఎంతసేపని అడుగుతాడు. "ఉల్లిగడ్డ కరిగేసరికి ఆరాంఘర్ సార్. ఆలుగడ్డ మెత్తవడితే మెహిదీపట్నం. శల్గం దాకా పోయిందంటే ట్రాఫిక్ జామ్ అన్నట్టు."

ఒకసారి బ్యాటరీ మొత్తాన్ని కూర తాగేసింది. హైవే మీద బండి ఆగిపోయింది. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి చెమటలు కక్కుతూ వెనక నుంచి తోస్తుంటే, అజీజ్ భాయ్ కిటికీలోంచి తల బయట పెట్టి, "జర మెల్లగ నూకుండ్రి సార్, షోర్వా ఒలుకుతది!" అన్నాడట.

ఇంతలో జంగయ్యకు కామెర్లు వచ్చాయి. సగం నెల దవాఖానలో పడుకుని, పసుపుపచ్చ కళ్లతో అడ్డాకు తిరిగొచ్చాడు. ట్రావెల్స్ వాళ్ల నియమం ఒకటుంది: నెలాఖరుకు ట్రిప్పులు తక్కువైతే అడ్డాలోంచి పేరు తీసేస్తారు. మనిషికి రోగాలొస్తాయన్న సంగతి ఆ నియమం రాసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ వయసులో పేరు పోతే ఇంకో అడ్డా వాళ్లెవరూ రానివ్వరు. సంఘం తరఫున చందా పోగు చేస్తామని నేనంటే జంగయ్య అంతెత్తున లేచాడు. "నేనేమన్న బిచ్చమెత్తుకోనొచ్చిన్నా? వరుసల నా నంబరుకు దొరికింది నేను తింట!"

సరిగ్గా ఆ రోజుల్లోనే అజీజ్ భాయ్ పిచ్చి ముదిరింది. వరుసలో ఎప్పుడు చూసినా జంగయ్యకు ముందే కారు పెట్టేవాడు.

"గింత జాగ ఉంటే నా మూతి ముందటనే పెడ్తడేంది?" అని జంగయ్య రంకెలు. "వాసన పీల్చి సావుమని! పగ, ఇది పగ!"

మైకులో హరిప్రసాద్ "అజీజ్ భాయ్, సికింద్రాబాద్ గిరాకీ" అంటే చాలు, డిక్కీ పక్క నుంచి జవాబు: "కూర ఇంకా కాలే అన్నా. ఎనకున్నోళ్లకియ్యి. జంగన్నా, లే! సికింద్రాబాద్!" వదులుకున్నవాడు వరుసలో చివరికి పోవాలి. పోయేవాడు. ట్రిప్పు ముగించుకుని వచ్చే జంగయ్య మళ్లీ ఆయన వెనకే చేరేవాడు. మళ్లీ నంబరు, మళ్లీ కూర. జంగయ్య స్టీరింగు పట్టుకుని నవ్వేవాడు: "గోష్ కోసం గిరాకీ ఇడ్శిపెట్టెటోన్ని ఈన్నే చూసిన. దిమాక్ పూరా ఖరాబైంది." అడ్డా అంతా నవ్వేది. దాచడం దేనికి, నేనూ నవ్వాను.

నెలాఖరు దగ్గర పడిన ఒక మధ్యాహ్నం బెంగళూరు గిరాకీ వచ్చింది. బెంగళూరంటే అడ్డాలో పండగే. ఆ ఒక్క గిరాకీని చాలా ట్రిప్పుల కింద లెక్క కడతారు, జంగయ్య నెల గట్టెక్కడానికి అది చాలు. నంబరు మాత్రం అజీజ్ భాయ్‌ది. జంగయ్య నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

"కూర ఇంకా కాలే అన్నా," అన్నాడు అజీజ్ భాయ్.

హరిప్రసాద్‌కు ఒళ్లు మండింది. మైకు పక్కన పడేసి వచ్చాడు, వెనకే నేను. "వారం సంది గిదే కథ! గింతసేపు పెడితే స్టెప్నీ గూడ ఉడుకుతది. తెరువ్ డిక్కీ!"

"మూత తియ్యకన్నా, ఖరాబైతది..." అంటూ అజీజ్ భాయ్ డిక్కీ తెరిచి కుక్కర్‌ను కావలించుకున్నాడు. హరిప్రసాద్ ఆయన చంక కింద నుంచి చెయ్యి దూర్చి మూత లేపాడు.

లోపల రెండు ఉల్లిగడ్డలు, ఒక ఫోను చార్జరు, ఉతికిన మేజోళ్లు. కుక్కర్ చల్లగా ఉంది. వైరు కాలిపోయి నల్లగా వేలాడుతోంది.

"ఏందిది? వారం సంది ఏం ఉడుకుతున్నదయ్యా గిండ్ల?"

"ధీరే, ధీరే అన్నా. జంగన్న ఇంటడు." అజీజ్ భాయ్ నల్లా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆయనకు ట్రిప్పులు తక్కువ పడ్డయి కదా. నా నంబర్ తీస్కో అంటే తీస్కుంటడా? రోషం మనిషి. నన్ను పిచ్చోడనుకుంటే తీస్కుంటడు."

"నీ మీద ఫిర్యాదు చేసింది ఆయనే గద భాయ్!" ఉండబట్టలేక అన్నాను.

"ఫిర్యాదు చేసింది ఆయన ముక్కు అక్కా. కామెర్లొచ్చింది మనిషికి."

హరిప్రసాద్ మేజోళ్లను లోపలికి సర్దాడు. మూత మళ్లీ జాగ్రత్తగా పెట్టాడు. నడుచుకుంటూ పోయి మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు. "అజీజ్ భాయ్ కూర ఇంకా కాలేదు. బెంగళూరు గిరాకీ, జంగయ్య."

జంగయ్య ముఖం తుడుచుకుంటూ ఉరికొచ్చాడు. "ఇంగ గూడ కాలేదా? నిజంగనా?"

"నేనే మూత తీసి చూసినన్నా," అన్నాడు హరిప్రసాద్. "పచ్చిపచ్చిగున్నది."

జంగయ్య జాలిగా తలూపాడు. కారు కదిలిస్తూ కిటికీలోంచి అరిచాడు: "అజీజూ, నీళ్లు జర ఎక్కువ పొయ్యి! వంటకు కొత్తోనివి, తెల్వది నీకు!"

జంగయ్య పేరు అడ్డాలో నిలిచింది. ఆయన పత్రికల్లో రాశిఫలాలు తప్ప ఏమీ చదవడు. సంపాదకుల వారూ, దయచేసి ఈ వ్యాసాన్ని ఆయన కంట పడేలా రాశిఫలాల పక్కన వెయ్యకండి. ఇక గోడ మీది కాగితాన్ని హరిప్రసాద్ ఆ సాయంత్రమే చింపేశాడని రాస్తే మీకు బాగుంటుంది. చింపలేదు. పైవాళ్లను అడగాలంటున్నాడు. సంఘం అడుగుతూనే ఉంది.

ఈలోగా మీకో పని చెబుతాను. రేపు మధ్యాహ్నం మీ ఆఫీసులో చూడండి. డబ్బా చేతిలో పట్టుకుని మెట్ల మీదికో, బండ్ల షెడ్డులోకో పోయి ఒంటరిగా తినివచ్చే మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని పిలిచి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ కూర మీరు తినక్కర్లేదు, కాస్త జరిగి చోటిస్తే చాలు. ఎవరైనా ముక్కు మూసుకుంటే, మెట్ల మీద గాలి బాగా వస్తుందని చెప్పి ఈసారి వాళ్లను పంపండి.