గుండు పిల్ల క్యాసెట్టు

మొన్న కువైట్‌లోని రుమైథియా నుంచి నా ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. పంపింది నేను పనిచేసిన ఇంటి పెద్దమ్మాయి. నేను పనికి చేరినప్పుడు కాలేజీ పిల్ల, ఇప్పుడు ముగ్గురు బిడ్డల తల్లి. అల్మారా సర్దుతుంటే పాత క్యాసెట్టు దొరికిందట. అట్ట మీద నున్నటి గుండుతో ఒక తెల్ల పిల్ల, ఇంతింత కళ్లేసుకుని చూస్తోంది. కింద "గుర్తుందా?" అని అడిగింది. భలే ప్రశ్న. నా పెళ్లి ఫొటోలో నా ముఖమైనా మర్చిపోతానేమో గానీ ఆ గుండును ఎట్లా మర్చిపోతాను?

నేను రాజంపేట పక్క పల్లె నుంచి కువైట్ పోయింది అక్కడి యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు. ఐదేళ్ల కూతుర్ని మా అత్త చేతిలో పెట్టి పోయాను. ఆ ఇంట్లో మనుషులు తొమ్మిది మందే గానీ ఇస్త్రీకి వచ్చే బట్టలు చూస్తే వీధి వీధంతా అక్కడే కాపురం ఉందేమో అనిపించేది. ఇస్త్రీ బల్ల పెద్దమ్మాయి గదిలో ఉండేది. ఆ పిల్ల ఎప్పుడు చూసినా ఆ క్యాసెట్టే పెట్టేది. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ గొంతు మాత్రం పక్కగదికి వినపడకూడదన్నట్టు మెల్లగా మొదలై, ఉన్నట్టుండి పెద్దగా లేచేది. మొదటిసారి అట్ట చూసినప్పుడు నేను చేతులు జోడించాను. మా వైపు ఆడమనిషి గుండుతో ఎదురైతే ఎందుకని ఎవరూ అడగరు, కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చిందని తెలిసిపోతుంది. అందుకే నాకొచ్చిన వంటింటి అరబీలో, "పాపం, ఎవరికి బాగలేక మొక్కుకుందమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. తర్వాత విడమరిచి చెప్పింది. ఈమెది ఐర్లండ్ అట. పాటలు తనే రాసుకుని తనే పాడుతుందట. జుట్టు పెంచుకో, పొట్టి బట్టలు వేసుకో, అప్పుడు క్యాసెట్లు బాగా పోతాయని పాటల కంపెనీవాళ్లు చెబితే, పోయి గుండు చేయించుకుని వచ్చిందట. "మొక్కు కాదు, కోపం" అంది. చిన్నపిల్లల్ని పాడుచేసిన మతపెద్దల మీద కూడా టీవీలో అందరి ముందూ మండిపడిందట. దాంతో జనం ఆమె క్యాసెట్లు తొక్కి పారేశారట, స్టేజీ ఎక్కితే పాడనివ్వకుండా అరిచారట. ఇంటి యజమానురాలు, మేమంతా మామా అని పిలిచే ఆమె, తలుపు దగ్గర నిలబడి అంతా విని "మజ్నూన్" అనేసింది. అంటే పిచ్చిదని. నేనూ మామా పక్షమే. కోపమొస్తే ఎదుటివాళ్ల జుట్టు పట్టుకోవాలి గానీ తన జుట్టు తీసేసుకుంటుందా ఎవరైనా?

రెండేళ్ల ఒప్పందంలో ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయనగా మా మరిది ఫోన్ చేశాడు. పాపకు జ్వరం, కడప ఆస్పత్రిలో పెట్టాం అన్నాడు. నేను వంటింట్లోనే తూర్పుకు తిరిగి, బిడ్డ లేచి కూర్చుంటే నా తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. పదోరోజు మళ్లీ ఫోన్. "పాప పొయింది వదినా. నిన్ననే అంతా అయిపొయింది" అన్నాడు. పోతానని అడిగితే ఇంటాయన, ఇప్పుడు పోతే ఖలాస్, మళ్లీ రానక్కర్లేదు అన్నాడు. పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉంది. మామా చెడ్డది కాదు, టీ కలిపి తనే తెచ్చిచ్చి ఆ పూటకు పని మానుకోమంది. నేను మానలేదు. ఆ రోజు పద్నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేశాను, ఒక్కటీ మాడలేదు. ఏడుపు వస్తుందేమో అని చూశాను, రాలేదు. ఎనిమిది నెలలూ అట్లనే గడిచాయి. అన్నం తింటే అన్నం రుచి ఉండేది కాదు, కారం తింటే కారం తెలిసేది కాదు. రోజూ జడ మాత్రం వేసుకునేదాన్ని. ఇస్తానన్న జుట్టు అది, తీసుకోవలసినవాడు బేరం తప్పాడు. ఇప్పుడది ఎవరిదో నాకు తెలియలేదు.

ఊరికి పోయాక కొండకు పోతానన్నాను. "తీరని మొక్కేందే నీకు? బిడ్డ పొయి ఏడాది తిరక్కుండా కొండ యెట్లెక్కుతావు?" అని అత్త గోల పెట్టింది. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. కల్యాణకట్టలో తల తడుపుతూ క్షురకుడు మామూలుగానే, "ఏం కోరిక తీరిందమ్మా?" అన్నాడు. "ఏమీ తీరలేదు నాయనా" అన్నాను. ఒక్క క్షణం కత్తి ఆపి, మళ్లీ కానిచ్చాడు. దర్శనానికి పోలేదు. అటునుంచటే దిగి వచ్చేశాను.

గుండుతోనే మళ్లీ రుమైథియా చేరాను. మామా నన్ను చూసి అదే మాట అంది, మజ్నూన్. పెద్దమ్మాయి మాత్రం ఆ క్యాసెట్టు అట్ట తెచ్చి, అద్దం ముందు నా చెంప పక్కన పెట్టి చూసింది. ఈసారి నవ్వలేదు. "ఇది మొక్కేనా?" అని అడిగింది. "కాదమ్మా, కోపం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చింది మాత్రం తక్కువ రాలేదు, ఆ పూట చొక్కాలన్నీ మళ్లీ ఉతకాల్సి వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత, నేను కువైట్ వదిలిపెట్టి వచ్చేసే ముందు, ఆ పాటలామె వాళ్ల మతంలో కలిసిందని, గుండు మీద ముసుగు కప్పుకుందని పెద్దమ్మాయి చెప్పింది. పిచ్చిదన్న మామాయే అప్పుడు "మాషా అల్లా" అని మురిసిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆ గుండు పిల్ల కోపం చల్లారిందో లేదో ఎవరూ అడగలేదు.

"గుర్తుంది" అని జవాబు పెట్టి, ఫోన్ పక్కన పడేసి తల దువ్వుకున్నాను. జుట్టు అప్పుడే మళ్లీ మొలిచింది, నడుం దాకా పెరిగింది, నెరిసింది, ఇప్పుడు రాలుతోంది కూడా. నా బిడ్డకు మాత్రం ఇంకా ఆరేళ్లే.