ముప్పై రెండో కార్డు

బస్సు రెండు స్టాపులు దాటాక పక్క సీటావిడ పంతులమ్మ చెయ్యి పట్టుకుంది. ఆవిడ పంతులమ్మ తరగతిలోని ఒక పిల్లకి నాయనమ్మ.

"టీచరమ్మా, మా పిల్ల ఏడాదంతా కూడబలుక్కుని చదివి పుస్తకం పూర్తిచేసింది! ఇవాళ బళ్ళో దాని పేరు పిలిచి కార్డు ఇస్తారటగా? తెల్లారకముందే లేచి కూర్చుంది. అది చూడ్డానికే వస్తున్నా."

పంతులమ్మ సంచిలోని కార్డులు ఆవిడ ఒళ్ళో పోసి లెక్కపెట్టింది. ముప్పై రెండుకి ముప్పై ఒకటే ఉన్నాయి. లేనిది ఆ పిల్లదే. అందరికన్నా ముందు, రంగులద్ది మరీ చేసింది దాన్నే. ఆరాలని కిటికీలో పెట్టింది. మరిచిపోకూడదని అరచేతిలో పెన్నుతో రాసుకుంది. తర్వాత ఆ చేత్తోనే గిన్నెలు తోమింది.

నలభయ్యో ఏట డాక్టరు తన ఈ మతిమరుపుకి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పాడు. పేరు తెలిసింది గానీ బుర్ర మారలేదు. ఎంతమంది మేధావులకు లేదీ పరధ్యానం అని ఓదార్చేవాళ్ళున్నారు. ఆ మేధావుల కోసం ఎనిమిదేళ్ళ పిల్లలెవరూ జడలేసుకుని ఎదురుచూడలేదు కదా!

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"నా బుర్ర తగలెయ్య!" అంటూ లేచింది పంతులమ్మ.

"అయ్యో, బడి ఇంకా రాలేదమ్మా! ఈ కార్డులు..."

పంతులమ్మ అప్పటికే బస్సు దిగి, వెనక్కి చూడకుండా ఇంటివైపు నడుస్తోంది. ముప్పై ఒక్క కార్డులూ నాయనమ్మ ఒళ్ళోనే ఉండిపోయాయి.