తాబేలుకి జలుబు చేసిన శీతాకాలం

కుదురుగా ఒకచోట కూర్చునే మనుషుల్ని చూస్తే ఆ రోజుల్లో నాకు మహా ఆశ్చర్యంగా ఉండేది. ఎనభైల మొదట్లో, ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లో ఉండగా, అక్కడ అప్రెంటిసుగా చేరి సీతమ్మధారలో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీలోంచి చూసొచ్చే రకం నేను. (కిటికీ బయట ఏముందని అడక్కండి; పక్కింటి గోడ ఉండేది.) అలాంటివాడికి దేవుడు ఒక తాబేలును అప్పగించాడు. మాకు ముందు అద్దెకున్నవాళ్లు పెరట్లో వదిలేసి వెళ్లిన నక్షత్రాల తాబేలు అది. నేను ఊరంతా తిరిగొచ్చేసరికి అది మందారచెట్టు దగ్గర బయల్దేరి తులసికోట దాకా వచ్చి ఉండేది. ఆ పూటకి ఇద్దరం ఏదో సాధించామని నాకు తృప్తిగా ఉండేది.

చలికాలం వచ్చేసరికి అది తిండి మానేసింది. కళ్లు తెరవదు, ముక్కులోంచి బుడగలు. సంచిలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన రెండు గేదెల తర్వాత మమ్మల్ని పిలిచి, "జలుబు చేసింది. ఇంట్లోపల వెచ్చగా, చెమ్మగా ఉండే చోట పెట్టు. బతికితే బతుకుతుంది," అన్నారు. ఆ చివరి మాట దారిపొడుగునా నా చెవుల్లో తిరిగింది. పోర్టులో పనిచేసే మా బావ నా మొహం చూసి, యంత్రాల భాగాలు దిగిన పాత చెక్కపెట్టె ఒకటి రిక్షాలో వేసుకొచ్చాడు. అందులో గోనెపట్టా పరిచి, తడిపిన కొబ్బరిపీచు మందంగా వేసి, మూలన నీళ్ల మూకుడు పెట్టి, మూతకి బెజ్జం చేసి బల్బు వేలాడదీశాను. తడిపీచు తగిలి మొదటి బల్బు ఠప్పున పేలింది, ఇంట్లో ఫ్యూజూ పోయింది. "ఏటిరా సేత్తన్నావ్? కొంపకి నిప్పెట్టేత్తావేటి?" అని అక్క కేకలేసింది. రెండో బల్బుకి ఇనపజాలీ కట్టాను. వేడెంతుందో తెలియాలని జ్వరం చూసే థర్మామీటరు లోపలపెట్టి, తీసి బల్లమీద మరిచిపోయాను. అక్క అది చూసి, "ఓలమ్మో! నూటెనిమిది జొరం ఎవులికిరా?" అని ఇంట్లో అందరి నుదుళ్లూ తడిమింది.

పెట్టె బాగానే కుదిరింది. కుదరనిదల్లా నేను. కన్ను తెరిచిందా, మెడ కదిలిందా అని మాటిమాటికీ మూత ఎత్తేవాణ్ణి. ఎత్తినప్పుడల్లా ఆవిరంతా నా మొహానికి కొట్టేది. (నా మొటిమలు తగ్గాయి గాని తాబేలు జలుబు తగ్గలేదు.)

సరిగ్గా అప్పుడే శ్రీకాకుళం వైపునుంచి మా బావ తల్లి, నాకు అత్తయ్య, మోకాళ్ల నొప్పులతో దిగింది. తాబేలు చొరబడిన ఇల్లు బాగుపడదని గట్టిగా నమ్మే మనిషి. వస్తూనే పెట్టె చూసి, "ఇదేటిరా?" అంది. బావ రెప్ప వేయకుండా, "నీ మోకాళ్లకేనమ్మా. కాపడం పెట్టె," అనేశాడు. అంతే, ఆవిడ పీట లాక్కుని, వెచ్చటి చెక్కలకి మోకాళ్లు ఆనించి, మూత మీద మోచెయ్యి వేసుకుని, తమలపాకుల పళ్లెం పక్కన పెట్టుకుని స్థిరపడిపోయింది. వచ్చినవాళ్లందరికీ "నా కొడుకు నాకోసం సేసినాడు" అని చెప్పుకునేది. నాకు నిప్పులమీద ఉన్నట్టుండేది. లోపలున్నది ఉందో పోయిందో తెలియదు. "అత్తయ్యా, కాస్త లేవవా, బల్బు చూడాలి," అంటే, "ఎలుగుతాంది గదా, సూడ్డానికేటున్నాది? కుదురుగా కూకో," అనేది. రాత్రిళ్లు పెట్టె పక్కనే మంచం వేయించుకుని పడుకునేది. ఆవిడ స్నానానికి లేచినా, చలి తగులుతుందని పెట్టెమీద దుప్పటి కప్పి, అక్కను కాపలా పెట్టి వెళ్లేది. డ్యూటీలో ఇనుము కోస్తున్నా నాకు ఆ మూతే కళ్లముందు ఆడేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టెలోంచి గీరుతున్న చప్పుడు వినిపించింది. "ఎలకరా!" అంటూ అత్తయ్య మూత ఎత్తేసింది. ఆవిరిలోంచి తాబేలు మెడ బారుగా చాచి ఆవిడ మొహంలోకి చూసింది. కళ్లు నిగనిగలాడుతున్నాయి. ముక్కు శుభ్రంగా ఉంది. నాకు గంతెయ్యాలనిపించింది గాని, అత్తయ్య మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ కొడుకువైపు తిరిగి, నెమ్మదిగా, "అయితే ఇది నాకోసం సేసింది కాదన్నమాట," అంది. బావ తల దించుకున్నాడు. ఈలోగా తాబేలు ముందుకి జరిగి, ఆవిడ వేళ్లమధ్య వేలాడుతున్న తమలపాకు అంచు కొరికింది.

"ఓరి కూర్మనాథా! తింతాందిరా! నా ఆకు తినేత్తాంది!" అని ఆవిడ ఒళ్లంతా ఊగేలా నవ్వింది. కళ్లు తుడుచుకుని, "అబద్దం సెప్పినావు గాని, కాపడం మాత్రం నిజిమేరా," అని కొడుకు నెత్తిన మొట్టింది. మూత ఎత్తే వీలు నాకు లేకపోబట్టే అది బతికిందన్న సంగతి అప్పుడు తట్టింది. బావ ఆ సాయంత్రమే పెట్టె పక్కన కాళ్లు చాపుకునేందుకు ఒక వాలుచెక్క బిగించాడు. అది నిజంగా వాళ్లమ్మకోసమే.

ఎండలు ముదిరాక అత్తయ్య తాబేలును బుట్టలో పెట్టుకుని, ఒళ్లో మోస్తూ బస్సులో వాళ్లూరు వెళ్లిపోయింది. శ్రీకూర్మం గుళ్లో మిగతా తాబేళ్లతో కలుపుతానంది. వాళ్లను బస్సెక్కించి ఇంటికొచ్చాను. ఏం చెయ్యాలో తోచక, బల్బు వేసి, ఖాళీ పెట్టె పక్కన పీటమీద చతికిలబడ్డాను. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. "ఎవులున్నారని ఎలిగించినావురా?" అని వంటింట్లోంచి అక్క అరిచింది. ఆ పీటమీది కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఉక్కపోత సాయంత్రం, చెమటలు కారుతున్నా, వాడికి లేవాలనిపించలేదు.