ఉరుము మేడమ్ సమ్మె

మాకు జనరల్ మెడిసిన్ చెప్పిన ఆవిడకి ఉరుము మేడమ్ అని పేరు పెట్టిందెవరో మాకు తెలియదు. మేం కాలేజీలో చేరేనాటికే ఆ పేరు స్థిరపడిపోయింది. వార్డు ఆ చివర ఆవిడ గొంతు వినపడితే ఈ చివర మేం కోట్లు సర్దుకునేవాళ్ళం. చల్లటి చేత్తో పేషెంటు పొట్ట తడిమితే తిట్టేవారు. పేషెంటుతో ఒక్క మాటైనా మాట్లాడకుండా కేస్ షీటు చూసి రోగం పేరు చెబితే ఇంకా తిట్టేవారు. "ఆయన మంచం మీద ఉన్నాడయ్యా, కాగితంలో లేడు" అనేవారు. ఇంట్లోనూ అంతేనట. "మా ఇంట్లో మిక్సీ మొరాయిస్తే మీ మేడమ్‌ని ఒకసారి అటు చూడమంటాను, దానంతటదే తిరుగుతుంది" అని వాళ్ళాయన, లెక్కల మాస్టారు, ఒకసారి మాతో అన్నారు. ఆవిడ పక్కనే ఉన్నారు. నవ్వలేదు.

ఆవిడ అక్క కూతురు మా బ్యాచే. ఇంట్లో పిన్ని, కాలేజీలో మేడమ్. తిట్ల దగ్గర బంధుత్వం లేదు. నిజానికి ఆ అమ్మాయికే మాకంటే ఓ పాలు ఎక్కువ పడేవి.

మేం ఫైనలియర్‌లో ఉండగా డాక్టర్లు సమ్మెకు దిగారు. సగం పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీ. ఉన్నవాళ్ళు రాత్రీ పగలూ కలిపి డ్యూటీ చేస్తున్నారు. అలా చేసి ఇంటికి వెళ్తూ ఒక జూనియర్ డాక్టరు స్కూటర్ మీదే నిద్రపోయి గోడకు గుద్దుకున్నాడు. అతని కాలికి కట్టు కట్టినవాడూ ముందు రోజు నుంచీ నిద్ర లేనివాడే. ఆ వారమే గేటు బయట టెంటు వేశారు. ఎమర్జెన్సీ తప్ప మిగతావన్నీ ఆపేశారు. ముందు వరస కుర్చీలో ఉరుము మేడమ్ కూర్చున్నారు.

మా పాఠాలూ ఆగిపోయాయి. పరీక్ష తేదీ మాత్రం కదల్లేదు. అలాంటి సమయంలో ప్రిన్సిపాల్‌గారు నోటీసు పెట్టించారు, విద్యార్థుల క్లినికల్ శిక్షణ యథావిధిగా సాగుతుందని. మేం సంబరపడ్డాం. కోట్లు ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్ళాం.

వార్డుల్లో నేర్పేవాళ్ళెవరూ లేరు. రక్తం తీయడం, సెలైన్లు మార్చడం, షీట్లు రాయడం, బంధువులకు సమాధానాలు చెప్పడం అన్నీ మామీదే పడ్డాయి. ఏదైనా అనుమానం వస్తే ఎమర్జెన్సీకి ఫోన్ చేయమన్నారు. అక్కడ ఫోన్ ఎత్తే తీరిక ఎవరికీ ఉండేది కాదు. సిస్టర్లు వేరే దారి లేక మమ్మల్ని "డాక్టర్" అని పిలవసాగారు. మొదటి రోజు ఆ పిలుపు బాగానే ఉంది. రెండో రోజుకి భయం పట్టుకుంది.

మేడమ్ అక్క కూతుర్ని ఆడవాళ్ళ వార్డులో వేశారు. అక్కడ కాళ్ళవాపుతో, ఆయాసంతో చేరిన ఒక పెద్దావిడ ఉంది. గుండె బలహీనం. ఆవిడకి బీపీ పడిపోయినట్టు కనిపించింది. ఎమర్జెన్సీలో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. బీపీ పడితే సెలైన్ ఎక్కించాలని చదివింది గుర్తొచ్చి, ఆ అమ్మాయి సీసా పెట్టి వేగంగా వదిలింది. ఆ గుండె అంత నీటిని తోయలేదు. కాసేపటికి నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి పెద్దావిడ నోట నురగ వచ్చింది. సిస్టరు పరిగెత్తుకెళ్ళి ఎమర్జెన్సీ డాక్టర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అతను సెలైన్ పీకేసి, కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, మందిచ్చి ఆవిణ్ణి దక్కించాడు.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్‌గారు ఆ అమ్మాయిని పిలిపించి ఒకే ఒక్క మాట అడిగారట. "నిన్నెవరు చెయ్యమన్నారమ్మా?"

అక్కడి నుంచి నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పింది. తిడతారనుకుంది. మేడమ్ అంతా విని, "రేపు పొద్దున నాతో రా. ఆ పెద్దావిడతో ఈ మాటే చెబుదువు గాని" అన్నారు.

"నాకు భయంగా ఉంది పిన్నీ."

"ఉండాలి. నేనూ వస్తాను కదా."

మర్నాడు పెద్దావిడ మంచం పక్కన ఆవిడ కొడుకు ఉన్నాడు. మోటారు మెకానిక్కు. అమ్మాయి ఏడుస్తూనే, ఏమీ దాచకుండా చెప్పింది. తన పొరపాటు వల్లే అలా అయిందని చెప్పింది. అతను ఆ పిల్లని వదిలేసి మేడమ్ వైపు తిరిగాడు.

"మీరీ వార్డు పెద్ద డాక్టరు కదూ. మా అమ్మ ఊపిరాడక కొట్టుకుంటుంటే మీరెక్కడున్నారండీ?"

"గేటు బయట. టెంట్లో."

"కుర్చీలో కూర్చుని."

"అవును."

"బాగుందండీ. మీ గొడవ మీది. మధ్యలో మా అమ్మా, ఈ పిల్లా దొరికారు మీ అందరికీ."

ఉరుము మేడమ్ అతనితో, "ఈ మాట ప్రిన్సిపాల్‌గారి ముందు కూడా అంటావా?" అని అడిగారు. అతను చేతులు తుడుచుకుని లేచాడు.

ప్రిన్సిపాల్ గది బయట వరండాలో మేం గుంపుగా నిలబడ్డాం. తలుపు మూసే ఉంది కానీ ఆ గొంతుకి తలుపెంత.

"శిక్షణ ఆగకూడదనే కదమ్మా నా తాపత్రయం" అంటున్నారు ప్రిన్సిపాల్‌గారు.

"శిక్షణంటే పక్కన నేర్పేవాడుండాలి సార్. ఎవరూ లేకుండా పనిలోకి తోస్తే దాన్ని వెట్టిచాకిరీ అంటారు. పైగా తేడా వస్తే 'ఎవరు చెయ్యమన్నారు' అంటారా? మీరే చెయ్యమన్నారు. ఇదిగో, ఆవిడ కొడుకు. ఇతనికి చెప్పండి ఎవరు చెయ్యమన్నారో."

మెకానిక్కు ఏమన్నాడో వినపడలేదు. ప్రిన్సిపాల్‌గారు మాత్రం గొంతు పెంచారు. "అంత బాధ ఉంటే మీరే డ్యూటీలో చేరి నేర్పండి. ఎవరొద్దన్నారు?"

"నేర్పుతాను. మీకోసం డ్యూటీలో చేరను."

బయటికి వస్తూ మమ్మల్ని చూశారు. "ఎవరూ వార్డులో ఒంటరిగా పేషెంటు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. రేపటి నుంచి సైకిల్ స్టాండులో క్లాసు."

అసలు యుద్ధం టెంట్లో జరిగింది. డాక్టర్ల సంఘం కార్యదర్శి ఎముకల డాక్టరు. ఆవిడ దగ్గర చదువుకున్నవాడే, అక్కా అని పిలుస్తాడు.

"అక్కా, నువ్వు క్లాసు చెబితే రేపు డాక్టర్లు డ్యూటీలో చేరారని అధికారులు ప్రచారం చేస్తారు. మనలో చీలిక వచ్చిందంటారు."

"అననీ."

"పరీక్షలు ఆగితేనే వాళ్ళమీద ఒత్తిడి పెరుగుతుంది. అదొక్కటే మన చేతిలో ఉంది."

ఆవిడ కుర్చీ వెనక్కి తన్ని లేచారు. "అంటే నువ్వూ పిల్లల్నే అడ్డం పెట్టుకుంటున్నావన్నమాట. ఆయన వార్డులో నిలబెట్టాడు, నువ్వు రోడ్డు మీద నిలబెడతావు. కావాలంటే నా జీతం వదులుకుంటాను, ఈ ఎండలో ఇంకో నెల కూర్చుంటాను. వాళ్ళ చదువు నాది కాదు, పందెంలో పెట్టడానికి. నీదీ కాదు."

"నువ్విలా అంటే సమ్మె కమిటీలో ఉండడం కష్టం అక్కా."

"తీసెయ్."

తీసేశారు. సాయంత్రం వరకూ ఆవిడ ఆ టెంట్లోనే, వెనక వరసలో, అందరిలో ఒకరిగా కూర్చున్నారు. సమ్మె తప్పని ఆవిడ ఏనాడూ అనలేదు.

సైకిల్ స్టాండు రేకుల కప్పు కింద రెండు చెక్క బెంచీలు వేసి క్లాసు మొదలైంది. ఓపీ మూసేసినందుకు గేటు దగ్గర నుంచి తిరిగి వెళ్తున్న పాత పేషెంట్లని మేడమే పిలిచారు. మొదటి రోజు ఒకరి గుండె చప్పుడు మాకు వినిపించి పంపేద్దామనుకున్నారు. కానీ స్టెతస్కోపు తీసి, మందుచీటీ అడిగి చూసి, మోతాదు మార్చి రాశారు. "విని ఊరుకుంటే దొంగతనం అవుతుంది" అన్నారు. ఆ రోజు నుంచి మా పాఠానికి వచ్చిన ప్రతివాళ్ళకీ వైద్యం కూడా జరిగింది. టెంట్లోంచి కొందరు ఆవిణ్ణి సమ్మె ద్రోహి అన్నారు. ఇద్దరు మాత్రం లేచి వచ్చి పక్క బెంచీ మీద కూర్చుని, ఒకరు పిల్లల జబ్బులు, ఒకరు కాన్పులు చెప్పారు. ప్రిన్సిపాల్‌గారు స్టాండుకి గొలుసు వేయించారు. గొలుసుకి ఇవతల, ప్రహరీ నీడలో నిలబడి చదువుకున్నాం. హాజరు ఇవ్వనని బెదిరించారు. భయపడి కొందరు తిరిగి వార్డులకు వెళ్ళారు. వాళ్ళ మీద కూడా ఆవిడ మండిపడ్డారు, కానీ సాయంత్రం వాళ్ళు వస్తే పాఠం మొదటి నుంచీ మళ్ళీ చెప్పారు.

సమ్మె సగం కోరికలతో ముగిసింది. ఒప్పందంలో విద్యార్థుల మాట చేర్చాలని ఆవిడ అటు అధికారుల గుమ్మాలూ ఇటు సంఘం గుమ్మాలూ తొక్కారు. చేర్చారు. పర్యవేక్షణ లేకుండా విద్యార్థులను వార్డు పనులకు వినియోగించరాదని, వీలైనంత వరకు.

"ఈ 'వీలైనంత వరకు' ఎవరు పెట్టారు?" అని కార్యదర్శిని అడిగారు. అధికారులే పెట్టారన్నాడు. ప్రిన్సిపాల్‌గారిని అడిగితే మీవాళ్ళే ఒప్పుకున్నారన్నారు. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర టీ తాగుతూ సంతకాలు పెట్టిన ఫోటో నోటీసు బోర్డు మీద ఉంది.

తరువాత ఆవిడకి రావలసిన విభాగాధిపతి పదవి రాలేదు. వెనక బ్లాకులో దీర్ఘరోగుల వార్డుకి పంపారు. సంఘం ఆ సంగతి పట్టించుకోలేదు. మాలో చాలామందిమి పాసయ్యాం. ఆవిడ అక్క కూతురు మెడిసిన్‌లో తప్పి, తరువాతి సారి గట్టెక్కింది. ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళింది. కొడుకు మళ్ళీ ఆస్పత్రి వైపు రాలేదు, అమ్మని వేరే చోట చూపిస్తున్నాడట. రానందుకు అతన్ని ఎవరు తప్పు పడతారు.

డిగ్రీలు తీసుకున్నాక మేం కొందరం వెనక బ్లాకుకి వెళ్ళాం. మేడమ్ ఒక ముసలాయన వీపు మీద పుండు కడుగుతున్నారు. పక్కన కొత్త బ్యాచి పిల్లలు. మమ్మల్ని చూసి చేతి తొడుగులు తీయకుండానే అన్నారు. "అక్కడ నిలబడి చూస్తారేం? డాక్టర్లయ్యారుగా. వచ్చి ఈయన్ని అటు తిప్పి పట్టుకోండి."