కారు తలుపు మూల, అత్త ప్రార్థన

మొన్న గజపతినగరం నుంచి వస్తుంటే అద్దె కారు తలుపు లోపలి పిడి దగ్గర నా వేలు ఆగిపోయింది. అందరూ కిటికీలోంచి చేలు చూస్తారు. నేను తలుపు ప్లాస్టిక్ తడుముతూ కూర్చుంటాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. జబ్బే మరి, భయం వల్ల వచ్చిన జబ్బు. విజయనగరంలో మా మేనమావ మేడమీద పట్టుకుంది.

మావయ్య చెన్నైలో చాలా ఏళ్లు ప్లాస్టిక్ వస్తువులు పోసే అచ్చుల పని చూసి వచ్చి, ఇంటి మేడమీద డిజైన్ ఆఫీసు పెట్టాడు. శ్రీకాకుళంలో ఇంజనీరింగు ముగించిన నన్ను "ఇంట్లో కూకుని ఏటి సేస్తావు, రా" అని తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. కారు లోపలి సొగసు దిద్దేవాళ్లు చెన్నైలో వేరే ఉండేవారు. వాళ్లు పంపేది వట్టి వంపుల పైతొడుగు, ఉల్లిపొరంత మందం కూడా ఉండదు. స్టైలింగ్ సర్ఫేస్ అంటారు. దానికి మందమిచ్చి, వెనక బలానికి బద్దలు పెట్టి, క్లిప్పులు అమర్చి, అచ్చులోంచి ఊడివచ్చే వస్తువుగా మార్చడం మా పని. పైకి కనబడే వంపును మాత్రం వెంట్రుకవాసి కదపకూడదు. ఇడ్లీ గుంట చూడండి, అంచు వాలుగా ఉంటుంది కాబట్టి ఇడ్లీ లేచొస్తుంది. నిలువుగా ఉంటే అక్కడే చిరిగిపోతుంది. ప్లాస్టిక్కూ అంతే.

ఆ తలుపు పనిలో పిడి పక్క మూల గోడకు వాలు లేదు సరికదా, కొంచెం లోపలికి తిరిగింది. కంప్యూటర్‌లో వాలు పరీక్ష పెడితే తెరంతా పచ్చగా, ఆ మూలొక్కటే ఎర్రగా వచ్చేది. చెన్నై వాళ్ల పెద్దసారు తెలుగువాడేనని విన్నాం గాని ఎప్పుడూ ఇంగ్లీషులోనే కసిరేవాడు. సర్ఫేసుకు వంక పెట్టినవాళ్లకు పనే తీసేస్తాడని చెప్పుకునేవారు. మాకున్న పనల్లా అదొక్కటే. చెబితే ఆఫీసు పోతుంది. చెప్పకపోతే ఉక్కు అచ్చు కోసేస్తారు, వస్తువు అందులో ఇరుక్కుంటుంది, అప్పుడూ పోతుంది. ఇంట్లో పులిలా గర్జించే మావయ్య చెమట తుడుచుకుంటూ, "నా వల్ల కాదు పిల్లా. సెప్దామంటే నోరు పెగల్టం లేదు" అన్నాడు. ఆయన భయం చూసి నాకు ఇంకా భయమేసింది.

ఆఖరి ఫైలు పంపాల్సిన రోజు పొద్దున కంప్యూటర్‌లో కాల్ పెట్టారు. పెద్దసారు ఒక్క నిమిషం ఆగమన్నాడు. మాది బాప్టిస్టు కుటుంబం. ఏ ఫైలు పంపే ముందైనా అత్త మేడెక్కి వచ్చి ప్రార్థన చేయాల్సిందే. మావయ్య గబగబా మైకు ఆపేశాననుకుని తలవంచాడు. ఆయన ఆపింది స్పీకరు.

"పరలోకమందున్న తండ్రీ," అత్త మొదలెట్టింది. "ఆ తలుపు మూల అచ్చులో పట్టేస్తాదని ఈలకి తెలుసు. సెప్పడానికి బయపడతన్నారు. నీ దగ్గర దాపరికం ఏటుంది ప్రభువా. ఆ సారు కోపిష్టోడట, ఆయన మనసు మెత్తన సెయ్యి."

ప్రార్థనలో కళ్లు తెరవకూడదు. నేను తెరిచాను. తెరమీద మైకు గుర్తు పక్కన చిన్న గీత అత్త మాటమాటకీ లేచి పడుతోంది. ఆపుదామంటే, ప్రార్థనకు అడ్డు తగలడం మా ఇంటావంటా లేదు. ఆమెన్ అన్నాక స్పీకరు పెట్టాను. మావయ్య తెర చూసి, నా ముఖం చూసి, కుర్చీ అంచు పట్టుకున్నాడు. అటునుంచి ఊపిరి తప్ప చప్పుడు లేదు. అయిపోయింది, రేపటి నుంచి ఈ మేడకు తాళమే అనుకున్నాను.

"ఏ మూలమ్మా అది? సూపించండి."

ఇంగ్లీషు కాదు. పుస్తకాల తెలుగూ కాదు, మా వైపు తెలుగు. మావయ్య చూపించాడు. వారంలోపు వాళ్లే మూల సరిదిద్ది పంపారు; ఆఫీసు నిలబడింది. తర్వాతి ఏళ్లన్నీ ఎలా వెళ్లిపోయాయో నాకు తెలియదు గాని, అత్త ఆమెన్‌కీ ఆయన మాటకీ నడుమ ఉన్న ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.